సిరొంచ సబ్ సెంటర్ల నర్సమ్మలకు మందులు నిండుగా ఇవ్వండి

గడ్చిరోలి జిల్లా ఆరోగ్యాధికారి గారికి,

నమస్కారం. వాగులు పొంగితే సిరొంచ పల్లెల్లో కాన్పు భారమంతా సబ్ సెంటర్ నర్సమ్మదే. బీపీ పెరిగి ఫిట్స్ వచ్చిన గర్భిణికి, పెద్దాసుపత్రికి పంపే ముందే మెగ్నీషియం సల్ఫేట్ 10 గ్రాములు పడాలి: ఒక్కో పిరుదులో 5 గ్రాములు, కండలో లోతుగా. 50 శాతం మందు 2 మి.లీ. ఆంప్యూల్‌లో ఉండేది 1 గ్రామే. అంటే ఒక్క తల్లికే 10 ఆంప్యూళ్లు కావాలి. నాలుగైదు పంపి సరిపెట్టకండి, దయచేసి.

బిడ్డ పుట్టగానే ఇచ్చే ఆక్సిటోసిన్ 10 యూనిట్లు. అది 2–8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మే ఎండల్లో బల్లమీద ఉంటే బలం తగ్గి, రక్తస్రావం అదుపులోకి రాదు. ఫ్రిజ్ లేనిచోటికి ఐస్‌ప్యాకుల క్యారియర్ పంపించండి. ఫ్రీజర్‌లోంచి తీసిన ప్యాకు ఊపితే నీళ్ల చప్పుడు వినిపించాకే సర్దాలి, లేకుంటే అదే క్యారియర్‌లో పెట్టే పసిపిల్లల పెంటావలెంట్ టీకా గడ్డకట్టి పాడవుతుంది.

ప్రమాద లక్షణాల కార్డు తెలుగులోనూ అచ్చు వేయించండి. ఇది మహారాష్ట్రే అయినా ఇక్కడ చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగే.

ఇట్లు,
సిరొంచ ప్రాంత ఆరోగ్య కార్యకర్తలు