ఇంటి దగ్గర కారు చార్జింగ్‌కి వేరే మీటరు ఇవ్వండి

సంపాదకులకు,

మన జిల్లాల్లో ఎలక్ట్రిక్ కార్లు పెరుగుతున్నాయని మీ పత్రికలో తరచూ చదువుతున్నాం. కారు వచ్చాక ఆ ఇంటి వైరింగ్ ఏమవుతోందో, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ ఏమవుతోందో మాత్రం ఎవరూ రాయడం లేదు. పాలకొల్లు, నరసాపురం, రాజోలు చుట్టుపక్కల ఇళ్లకు వైరింగ్ చేసేవాణ్ణి కాబట్టి ఆ సంగతి నేను రాస్తున్నాను.

కారుతో ఇచ్చే చిన్న చార్జర్ మామూలు 15 ఆంప్స్ పవర్ ప్లగ్గుకు తగిలించుకునేదే. మూడు కిలోవాట్లు, కాస్త అటూఇటూ. ‘గీజర్ నడిచే ప్లగ్గే కదండీ, కారుకేం’ అంటారు ఇంటివాళ్లు. గీజర్ పావుగంటలో కట్ అవుతుంది. కారు రాత్రి పదింటికి పెడితే తెల్లవారుజాము దాకా ఆగకుండా లాగుతూనే ఉంటుంది. ఎప్పుడో వేసిన సన్న వైరు మీద, స్క్రూ వదులైన సాకెట్ మీద రోజూ అంతసేపు లోడు పడితే ఏమవుతుందో చెప్పడానికి, ఈమధ్య ఒక ఇంట్లో ఊడదీసిన సాకెట్ నా దగ్గరే ఉంది. ఫేజ్ కన్నం చుట్టూ ప్లాస్టిక్ మాడి ఉబ్బిపోయింది, వెనకాల ఇత్తడి ముక్క నల్లబడింది. లోడు ఎక్కువైతే కట్ చేసే ఎంసీబీ మాత్రం పడలేదు. పడదు కూడా. లోడు దాని లెక్కకు లోపే ఉంది, వేడెక్కింది జాయింటు.

ఇంతకంటే భయపెట్టేది ఎర్తింగ్. ఎర్త్ సరిగా లేకపోతే చార్జర్ ఎర్రలైటు వేసి ఆగిపోతుంది. అది మన మేలుకే. మా గోదావరి డెల్టాలో కాస్త తవ్వితే చాలు తడి తగులుతుంది, కాబట్టి ఎర్త్ ఇక్కడ బాగానే దొరుకుతుంది. కానీ సముద్రం వైపు ఉప్పునేలల్లో ఎర్త్ కోసం పాతిన జీఐ (జింకు పూత ఇనుప) పైపు కొన్నేళ్లకే తుప్పుకు తినేయబడి, పైన వైరు కనబడుతున్నా కింద ఏమీ మిగలదు. అప్పుడు కొత్త గుంట తీసి ఉప్పూ బొగ్గూ వేయాల్సింది పోయి, కొందరు సాకెట్ లోపలే ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కి కలిపేస్తున్నారు. ఎర్రలైటు పోతుంది, ఇంటాయన సంతోషంగా డబ్బులిచ్చి పంపిస్తాడు. గాలివానకు బయట న్యూట్రల్ తెగిన రోజున కారు బాడీకే కరెంటు వస్తుంది. ఈ పని చేసేవాళ్లు నా తోటివాళ్లే. అయినా చెప్పక తప్పదు.

ఇక వీధిలోకి వద్దాం. మా వైపు చాలా ఇళ్లకు కాగితాల మీద ఉన్న లోడు ఒకటో రెండో కిలోవాట్లు. గోడకు బిగించే పెద్ద చార్జర్ ఒక్కటే ఏడు కిలోవాట్లు లాగుతుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద అలాంటివి మూడు పెట్టారంటే ఏసీల సంగతి దేవుడెరుగు, దాని పని అక్కడికే సరి. పైగా రొయ్యల చెరువుల ఊళ్లలో రాత్రి వేరే గొడవ ఉంది. నీళ్లలో ఆక్సిజన్ తగ్గేది రాత్రిపూటే, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు గట్టిగా తిరిగేదీ అప్పుడే. అదే ఫీడరు మీద కార్లు కూడా పడితే లో ఓల్టేజీకి మోటార్లు కాలిపోయే రైతు ఎవరిని అడగాలి?

ఎవరింట్లో కారు ఉందో కరెంటు ఆఫీసుకు తెలియకపోవడమే అసలు చిక్కు. చెప్పుకునే దారి లేదా అంటే, ఉంది. కేంద్రం 2024 ఫిబ్రవరిలో వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించి, ఎలక్ట్రిక్ వాహనం చార్జింగ్ కోసం వేరే కనెక్షన్ అడిగితే ఇవ్వాలంది. గ్రామాల్లో కొత్త కనెక్షన్‌కు గడువు 15 రోజులు చేసింది. నేను ఒక కస్టమర్ తరఫున కరెంటు ఆఫీసుకు వెళ్తే అక్కడివాళ్లు ‘ఇంటికి ఒకటే మీటరు’ అని తిప్పి పంపారు. నిబంధన సంగతి చెబితే కాపీ తెమ్మన్నారు. వాళ్ల ఆఫీసు నిబంధన కాపీ నేను తేవాలట!

డబ్బు లెక్క కూడా చూడండి. ఎండాకాలంలో ఏసీతో నెలకు 250 యూనిట్లు కాలే ఇంటికి కారు మరో 150 యూనిట్లు కలిపిందనుకుందాం. ఆ 150 మొత్తం 226–400 శ్లాబులో పడి యూనిట్‌కు 8.75 రూపాయలవుతుంది. 400 దాటితే 9.75. చార్జింగ్ స్టేషన్లకేమో 6.70 టారిఫ్. తేడా నెలకు మూడొందల పైచిలుకు. నిజం చెప్పాలంటే ఇదేం ప్రాణం మీదికి వచ్చే ఖర్చు కాదు. ఆ 150 యూనిట్లతో తిరిగే వెయ్యి కిలోమీటర్లకు పెట్రోలైతే ఆరేడు వేలు పోయాలి. కానీ వేరే మీటరుకు 6.70 వేస్తామంటే, ఆ మూడొందల కోసం జనం వాళ్లంతట వాళ్లే ఆఫీసుకు వస్తారు. వస్తే లోడు కాగితం ఎక్కుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలో లేదో కరెంటు ఆఫీసు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారికి ముందే తెలుస్తుంది. స్మార్ట్ మీటర్ ఉంటే ఎండ ఉన్న వేళల్లో రేటు కనీసం 20 శాతం తగ్గించాలని అవే నిబంధనల 2023 సవరణ చెబుతోంది. కారు చార్జింగ్ మీటర్లకు ముందు దీన్ని అమలు చేస్తే పగలు ఇంట్లోనే ఉండే బళ్లు రాత్రి ఏరియేటర్లతో పోటీ పడవు.

ఇంకో మాట. ‘హైబ్రిడ్ కొంటున్నాం, పాయింట్ పెట్టండి’ అని పిలిచి, తీరా బండి వచ్చాక దానికి ప్లగ్గే లేదని తెల్లబోయినవాళ్లను చూశాను. మన షోరూముల్లో మామూలు జనం కొనే హైబ్రిడ్లు తమ బ్యాటరీని తామే నింపుకుంటాయి. ఇంట్లో చార్జ్ చేసుకుని, అది అయిపోతే పెట్రోలుతో నడిచే ప్లగ్-ఇన్ రకం మన దేశంలో దాదాపు లగ్జరీ బళ్లలోనే దొరుకుతుంది. బ్యాటరీ కారుకు జీఎస్టీ 5 శాతం, నాలుగు మీటర్లు దాటిన హైబ్రిడ్‌కు ప్లగ్గు ఉన్నా లేకున్నా 40 శాతం. 1996 నవంబరు తుపాను తర్వాత కోనసీమలో కరెంటు లేని రోజులు గుర్తున్నవాళ్లకు ప్లగ్-ఇన్ బండి విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. వాటికైనా పన్ను తగ్గించమని మన ఎంపీలు అడగాలి.

ప్రస్తుతానికి కరెంటు సంస్థ చేయగలిగినది ఉంది. వేరే మీటరు దరఖాస్తును గ్రామ సచివాలయంలోనే తీసుకోవాలి. మీటరు పెట్టేముందు అక్కడ కరెంటు పనులు చూసే ఎనర్జీ అసిస్టెంట్ చేత ఎర్త్ కొలిపించి, కరెంటు లీకైతే కట్ చేసే ఆర్‌సీసీబీ ఉందో లేదో చూపించాలి. లంక గ్రామాల్లో సాకెట్ 2022 జులై వరద నీరు వచ్చిన ఎత్తుకు పైన ఉంటేనే కనెక్షన్ ఇవ్వాలి.

ఇట్లు,
ఒక వైరింగ్ కాంట్రాక్టర్,
పాలకొల్లు