నెలకు సరిపడా బీపీ గోలీలు ఇప్పించిన అందరికీ శనార్తులు

మా ఊరి పల్లె దవాఖానాలో ఇప్పుడు బీపీ, షుగర్ గోలీలు 30 రోజులకు సరిపడా ఒకేసారి ఇస్తున్నారు. బయటివాళ్ళకు ఇది వార్తే కాకపోవచ్చు. జగిత్యాల జిల్లాలో బీడీలు చుట్టుకుని బతికే మా ఊరికి మాత్రం పెద్ద సంగతి. దీనికోసం తిరిగినవాళ్ళు, రాసినవాళ్ళు, సంతకాలు పెట్టినవాళ్ళు, మధ్యలో మాటలు పడ్డవాళ్ళు చాలామంది ఉన్నారు. అందరి ఇళ్ళకూ వెళ్ళి చెప్పడం నావల్ల కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. పేర్లు పెట్టొద్దని చాలామంది అన్నారు. పెట్టడం లేదు. ఎవరి గురించో వాళ్ళకు తెలుస్తుంది.

ఇంతకుముందు మండలంలోని సర్కారు దవాఖానాకు పోతే పది రోజుల గోలీలు చేతిలో పెట్టేవాళ్ళు. ఒక్కోసారి ఐదు రోజులవే. ఒక్కోసారి "స్టాక్ లేదు, వచ్చే వారం రండి" అనేవాళ్ళు. ఆటో ఖర్చు, పోయిన బీడీల కూలి లెక్కేసుకుంటే మెడికల్ షాపులో కొనుక్కోవడమే నయమనిపిస్తుంది. ఆ స్తోమత కూడా లేనివాళ్ళు మానేస్తారు. బీపీకి నొప్పి ఉండదు కదా, మానేసిన మర్నాడు ఏమీ కాదు. మా బాపు అట్లనే మానేశాడు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది.

మొదటి శనార్తి మా వాడలోని పెద్దమ్మకు. బీడీ ఆకు కత్తిరించే కత్తెరతోనే ఆమె గోలీని సగానికి కోసుకునేది. తంబాకు పొడి అంటిన చిన్న రేకు డబ్బాలో ఆ తెల్లటి సగం ముక్కలు దాచుకునేది. "పది రోజులయి ఇరవై రోజులు ఒస్తయి బిడ్డా" అని చెప్పింది, అదేదో పొదుపు చేసినట్టు. ఆ డబ్బా ఫోటోనే అర్జీకి జత చేశాం. పెద్దమ్మా, ఫోటో తియ్యనిచ్చినందుకు నీకు దండం.

రిటైరైన ఫార్మసిస్ట్ సారు లేకపోతే మేము ఇంకా "మందులు ఎందుకు లేవు" అనే అడుగుతూ ఉండేవాళ్ళం. ఆ ప్రశ్నకు ఎవరైనా "పైనుంచి రాలేదు" అని చెప్పి తప్పించుకోవచ్చు. మా దగ్గర చిక్కు ఎక్కడుందో సారు కాగితం మీద గీసి చూపించారు. పోయినసారి ఎన్ని గోలీలు ఖర్చయ్యాయో చూసి వచ్చేసారికి ఇండెంట్, అంటే ఇన్ని మందులు కావాలనే చీటీ, రాస్తున్నారు. స్టాక్ లేని నెలలో ఖర్చు ఎక్కడిది? సున్నా. ఆ సున్నా చూసి ఇక్కడ వాడకం తక్కువ అనుకుని మళ్ళీ కొన్నే తెప్పిస్తారు. జనం మందులు లేక రావడం మానేస్తే, జనం రావడం లేదు కాబట్టి మందులు అక్కర్లేదని తేలుతుంది! ఇందులో దొంగతనం ఏమీ లేదు, లెక్క తలకిందులుగా ఉంది. సమాచార హక్కు కింద ఏం అడగాలో కూడా సారే చెప్పారు: స్టాక్ రిజిస్టర్ నకలు, నమోదైన బీపీ, షుగర్ పేషెంట్ల సంఖ్య, ఇచ్చిన గోలీల సంఖ్య. జవాబు వచ్చాక చూస్తే బీపీ గోలీ అమ్లోడిపిన్ ఎదురుగా వరుసగా సున్నాలున్నాయి. పేషెంట్ల సంఖ్య పక్కన పెట్టి చూస్తే ఇంక ఎవరూ ఏమీ మాట్లాడలేకపోయారు.

దుబాయిలో ఉన్న మా తమ్ముడిది ఇంకో సాయం. రక్తం పంచుకున్న తమ్ముడు కాడు, వాడకట్టు తమ్ముడు. డ్యూటీ దిగాక కూర్చుని సర్కారు కాగితాలన్నీ వెతికి, తెలుగులో ఒక్క పేజీకి కుదించి పంపాడు. షుగర్, గుండెజబ్బులు, క్యాన్సర్, పక్షవాతాల మీద కేంద్రం 2010లోనే జాతీయ కార్యక్రమం మొదలుపెట్టిందని, 30 ఏళ్ళు దాటినవాళ్ళందరికీ పరీక్షలు చేయాలని అందులో ఉందని అప్పటిదాకా మాకు తెలియదు. బీపీ అదుపు కోసం 2017లో మొదలైన పథకానికి తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. దానికి 2022లో ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా వచ్చింది. మందులు ఎప్పుడూ అందుబాటులో ఉండాలని, ఇంటికి దగ్గర్లోనే ఇవ్వాలని ఆ పథకమే చెబుతుంది. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని 2023లో కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ అధ్యయనం లెక్కకట్టింది. 7.5 కోట్ల బీపీ, షుగర్ పేషెంట్లకు సరైన వైద్యం అందిస్తామని అదే ఏడాది మే నెలలో కేంద్రం ప్రకటించింది. ఢిల్లీలో రాసిపెట్టుకున్నది మా ఊరి దాకా రమ్మన్నాం, అంతే.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి ఆ రోజు బీడీలు వదులుకుని వచ్చిన అక్కలందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. నేను పేజీ చూసి చదువుతుంటే ఒక అక్క మధ్యలో లేచింది. ఆరోగ్యశ్రీ కింద ఉచిత వైద్యం పరిమితి 2023 డిసెంబర్లో 10 లక్షలకు పెరిగిన సంగతి ఆమెకు తెలుసు. "సారూ, పడ్డంక పది లక్షలిస్తరు. పడకముందు ఓ గోలీ ఇయ్యుండ్రి" అన్నది. నా పేజీ అంతా ఆ రెండు ముక్కల్లో అయిపోయింది. ఇప్పటికీ నాకు ఇదే అనిపిస్తుంది: కిడ్నీలు పోయాక డయాలసిస్‌కు పైసలు దొరుకుతాయి, పోకముందు వేసుకునే గోలీకి మాత్రం స్టాక్ దొరకదు. ఓట్లు అడగడానికి వచ్చేవాళ్ళను దీని గురించి కూడా నిలదీయాలి.

ఇంటింటికీ తిరిగి బీపీ చూసి, పేర్ల జాబితా సరిచేసిన ఏఎన్ఎం అక్కకు, ఆశా చెల్లెళ్ళకు ఎంత చెప్పినా తక్కువే. పైవాళ్ళు ఏమంటారోనన్న టెన్షన్ ఉన్నా చేశారు. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ మా అర్జీని తన మీద ఫిర్యాదుగా తీసుకోలేదు. పాత ఖర్చు పక్కన పెట్టి, నమోదైన పేషెంట్లను బట్టి ఇండెంట్ రాయించారు. ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు తీసుకోమని చెవిలో చెప్పిన ఆఫీసు అన్నా, మీరు ఎవరో చెప్పను. జిల్లా పేజీలో ఓ మూలకైనా వార్త వేయించిన విలేఖరికి, తన గిరాకీ పోతుందని తెలిసీ మా అర్జీ మీద సంతకం పెట్టిన మెడికల్ షాపు అన్నకు కూడా శనార్తులు. పని అయ్యాక ఫోటోకు వచ్చిన నాయకులకూ ఓ దండం. వచ్చే అర్జీకి ముందే వస్తే బాగుంటుంది.

వచ్చే అర్జీ ఇన్సులిన్ గురించి. సూది మందు మీద ఉన్నవాళ్ళు ఇంకా జిల్లా కేంద్రానికే పోతున్నారు. షుగర్ గోలీ మెట్‌ఫార్మిన్ అప్పుడప్పుడు ఆలస్యమవుతోంది, షుగర్ చూసే స్ట్రిప్పులు నెలాఖరుకు అయిపోతున్నాయి. బీపీ ఉన్న ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష, తంబాకు దుమ్ములో కూర్చునేవాళ్ళకు నోటి క్యాన్సర్ పరీక్ష కూడా అడుగుతున్నాం. అర్జీ కాగితం గ్రంథాలయంలో పెట్టాం, సంతకం పెట్టనివాళ్ళు పెట్టండి. మీ మండలంలో కూడా ఇదే గోస ఉంటే మా సమాచార హక్కు దరఖాస్తు నకలు పంపుతాను, ఊరి పేరు మార్చుకుంటే చాలు.