అక్వేరియంలో వయ్యారిభామ

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం అనుబంధంలో ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకోవడం గురించి వేశారు కదా, ఫొటోలు బాగున్నాయి, మా ఇంట్లో అందరం చూశాం. మా అత్తగారైతే పగడం అంటే కుజదోషానికి ఉంగరంలో పెట్టేదే కదా, అది పెరగడమేంటి అని ఒకటే నవ్వు. సరే, ఆ సంగతి అలా ఉంచండి. అందులో కొత్తవాళ్లు త్వరగా పెరిగే, మంచి రంగున్న పగడాలు తెచ్చుకోవాలి అని ఒక్క ముక్కలో తేల్చేశారు చూడండి, అది చదివాక రాయకుండా ఉండలేకపోయా, ఎందుకంటే చెన్నైలో ఆరేళ్లుగా నాకు ఇదే పిచ్చి, అచ్చం ఆ మాటే నమ్మి మొదటి ట్యాంకు పోగొట్టుకున్నా.

కొళత్తూరు రంగుచేపల షాపుల్లో ఒకాయన పల్సింగ్ జీనియా అని ఒక మెత్తటి పగడం చూపించాడు. పసిపిల్లలు నిద్రలో పిడికిలి తెరిచి మూసినట్టు ఒక్కో పాలిప్, అంటే పగడంలోని పువ్వులాంటి చిన్న జీవి, ఊరికే తెరుచుకుంటూ ముడుచుకుంటూ ఉంటుంది, ఒకసారి చూస్తే అక్కణ్నుంచి కదలబుద్ధి కాదు. అగ్గిపెట్టెంత ముక్క తెచ్చా. ఎనిమిది నెలలు తిరిగేసరికి రాళ్లన్నీ అదే, వెనక అద్దం మీదా అదే, చివరికి పంపు జాలీలో కూడా అదే. పీకేశాననుకుంటా, రాయికి గోరంత మిగిలినా అక్కణ్నుంచి మళ్లీ లేచేది. పొలం గట్ల మీద వయ్యారిభామ ఉంటుంది కదా, పేరు వింటే ముద్దొస్తుంది, చేలో దిగిందా ఇక అంతే, ఇదీ ఆ బాపతే. గ్రీన్ స్టార్ పాలిప్ కూడా తక్కువదేం కాదు, ఊదారంగు చాప పరుచుకుంటూ పోయి దాని మీద పచ్చగడ్డి మొలిచినట్టు ఉంటుంది, పక్కనున్న పగడం మీదకి ఎక్కి ఊపిరాడనివ్వదు.

అలాగని తేవద్దని కాదండీ. ఇప్పుడూ నా దగ్గర రెండూ ఉన్నాయి, కాకపోతే ఇసక మధ్యలో ఏ రాయికీ తగలకుండా విడిగా ఒక రాయి పెట్టి దానిమీద ఉంచా, చుట్టూ జానెడు ఖాళీ, అంచు దాటి వచ్చినదాన్ని వచ్చినట్టే కత్తిరిస్తా. ఏ పగడం ఎంత త్వరగా పెరుగుతుంది అని కాదు, పెరిగాక దాన్ని ఆపగలమా అని అడగాలి షాపులో. మష్రూమ్ పగడాలు నయం, నిదానంగా పెరుగుతాయి, లైటు తక్కువైనా సర్దుకుపోతాయి.

జోవాస్ అని చిన్న చిన్న పువ్వుల్లా ఉంటాయి, రంగుల్లో వాటికి సాటి లేదు, కానీ వాటిలో కొన్నిట్లో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది, ఈ ముక్క మీ వ్యాసంలో ఎక్కడా లేదు. నా ఫ్రెండ్ ఒకడు ఆ రాయి శుభ్రం చెయ్యాలని స్టవ్ మీద నీళ్లు కాచి పొయ్యబోయాడు, చెయ్యి పట్టుకుని ఆపా. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో ఉన్నాయి. ముక్కలు చేసేటప్పుడు గ్లౌజులు, కళ్లద్దాలు ఉండాల్సిందే.

రంగు సంగతి ఇంకోటి. షాపుల్లో అన్నీ నీలం లైటు కింద పెడతారు, ఆ లైటుకి పాలిప్‌లు మెరిసిపోతాయి, ఇంటికి తెచ్చి తెల్ల లైటు వేస్తే మట్టిరంగు. మోసమని కాదు, పగడం ఒంట్లో ఉండే నాచు రంగే అంత. అందుకే కొనేముందు ఒకసారి తెల్ల లైటు వెయ్యన్నా అని అడగండి, మొహమాటం వద్దు. ఇంక చెన్నై ఎండల గురించి చెప్పేదేముంది, మే నెలలో కరెంటు పోతే నీళ్లు 30 డిగ్రీలు దాటిపోతాయి, అలాగే కొన్నాళ్లు ఉంటే పగడం ఆ నాచుని బయటికి తోసేసి తెల్లగా పాలిపోతుంది. 2016 వేసవిలో మన్నార్ సింధుశాఖలో జరిగిందీ అదే. నీళ్లు చల్లబరిచే చిల్లరు మెషీను కొనే డబ్బుల్లేకపోతే ఇది మొదలుపెట్టకపోవడమే మంచిది, టేబుల్ ఫ్యాన్ ఈ ఉక్కపోతలో పెద్దగా పనిచెయ్యదు, పైగా నీళ్లు ఆవిరై ఉప్పు పెరుగుతుంది, దానికి రోజూ ఆర్వో నీళ్లు కలుపుతూ ఉండాలి.

అసలు సంగతి మీ వ్యాసంలో వేసిన ఫొటో. మధ్యలో కొమ్మలు కొమ్మలుగా నీలంగా ఉంది చూశారా, అది ఆక్రోపోరా, సున్నంతో గట్టి గూడు కట్టుకునే రాతి పగడం, త్వరగా పెరిగేదే, నిజమే. కానీ రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, 2001లో చేర్చారు, పులి ఉన్న షెడ్యూలే అది. మన సముద్రంలోంచి తీసింది కొంటే అమ్మినోడితో పాటు మనమూ ఇరుక్కుంటాం. రామేశ్వరం, తూత్తుకుడి మధ్య ఆ 21 దీవుల్ని 1986లో నేషనల్ పార్కు చేసింది ఈ పగడాల్నీ, అక్కడి సముద్ర జీవుల్నీ కాపాడటానికే కదా. ఒకప్పుడు సున్నం బట్టీల కోసం బస్తాలు బస్తాలుగా తవ్వుకుపోయారట అక్కడ.

మీ పేపరు చూసి ఎవరో కుర్రాడు షాపుకెళ్లి ఆ ఫొటో చూపించి ఇదే కావాలి అంటాడు, షాపువాడు తెచ్చిస్తాడు కూడా. దయచేసి వచ్చే ఆదివారం ఆ ఫొటో కింద సవరణ ఒకటి వెయ్యండి, పక్కనే జోవాస్ విషం గురించి కూడా రెండు లైన్లు.

ఇట్లు,
మీ పాఠకుడు, పెరంబూరు, చెన్నై