తత్వ చర్చను ‘ఆధ్యాత్మికం’ కింద వేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ జిల్లా పేజీలో ‘నేటి కార్యక్రమాలు’ అని చిన్న అక్షరాలతో ఒక కాలమ్ వస్తుంది. హనుమకొండలో మేము కొందరం ఆదివారం పొద్దున ఒక ప్రైవేటు స్కూలు గదిలో కూర్చుని తత్వశాస్త్రం గురించి మాట్లాడుకుంటాం. ఆ కబురు పంపితే ఒకసారి ‘ఆధ్యాత్మికం’ కింద వేశారు. ఆ రోజు ఒక పెద్దమ్మ కొబ్బరికాయ పట్టుకొచ్చి, హారతి ఎన్నింటికని అడిగింది. ఇంకోసారి ‘విద్య’ కింద పడింది. గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్న పిల్లలు ఫ్రీ కోచింగ్ అనుకుని నోట్‌బుక్కులతో సహా దిగారు. వాళ్లల్లో ఇద్దరు ఇప్పటికీ వస్తున్నారనుకోండి, అది వేరే సంగతి.

మొన్న మీ లేఖల పేజీలోనే ఒక పాఠకుడు ఇలాంటి గోష్ఠుల మీద విసుక్కున్నారు. సైన్సు ల్యాబ్‌లో ఉండాలి, కవిత్వం సభలో ఉండాలి, వేదాంతం మఠంలో ఉండాలి, మూడూ కలిపితే ఏదీ తేలదని వారి వాదన. శాలువాలు, జ్ఞాపికలు, గంటన్నర అధ్యక్షోపన్యాసం ఉండే గోష్ఠులను చూసి అన్నారేమో. వాటి విషయంలో నేనూ వారి పక్షమే. మూడింటినీ విడదీయమంటే మాత్రం ఒప్పుకోను.

నేను ప్రభుత్వ సర్వీసులో కంటి పరీక్షలు చేసి రిటైరైనవాణ్ని. పోస్టు పేరు ఆఫ్తాల్మిక్ ఆఫీసర్. ములుగు, ఏటూరునాగారం వైపు ఊళ్లల్లో మాత్రం నన్ను ‘కండ్ల డాక్టర్’ అనేవారు. శుక్లం ఆపరేషనై కట్టు విప్పిన రోజు ఒక ముసలమ్మ ఒంటి మీది చీర చూసుకుని, ‘నా చీర మార్చిన్రా బిడ్డా?’ అని నా మీద కోపం చేసింది. చీర అదే. ముదిరిన శుక్లం పసుపుపచ్చగా తిరిగి నీలం వెలుతురును చాలావరకు ఆపేస్తుంది. దాన్ని తీసి కొత్త లెన్స్ పెట్టేసరికి నీలం ఒక్కసారిగా కనిపిస్తుంది. ఇంతవరకూ వైద్యం. మరి అన్నేళ్లూ ఆమె చూసిన రంగు చీరదా, కంటిదా? ఇవాళ చూస్తున్నది అచ్చంగా చీరదేనని ఎట్లా చెప్పడం? ఇప్పుడు కంట్లో ఉన్నదీ ఒక లెన్సే కదా. సర్వీసంతా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. మా ట్రైనింగ్‌లో దీనికి జవాబు చెప్పినవాళ్లు లేరు.

ఇలాంటి ప్రశ్ననే 1688లో ఐర్లండుకు చెందిన విలియం మోలినో, తత్వవేత్త జాన్ లాక్‌ను ఉత్తరంలో అడిగాడు. పుట్టుకతో చూపు లేని మనిషి చేత్తో తడిమి ఇది బంతి, ఇది పాచిక అని చెప్పగలడు. అతనికి చూపొస్తే, ముట్టుకోకుండా కంటితోనే పోల్చుకోగలడా? లాక్ దీన్ని 1694లో తన పుస్తకం రెండో ముద్రణలో చేర్చాడు. ఇక ఐరోపా పండితులు తరాల తరబడి కొట్లాడుకున్నారు. చివరికి జవాబులో పెద్ద ముక్క మన దేశంలోనే దొరికింది. పుట్టుకతో చూపు లేని పిల్లలకు చూపు తెప్పించడానికి మెదడు శాస్త్రవేత్త పవన్ సిన్హా మొదలుపెట్టిన ‘ప్రాజెక్ట్ ప్రకాశ్’ కింద ఢిల్లీలో చికిత్స పొందిన ఐదుగురు పిల్లలను పరీక్షించి, 2011లో ఫలితం అచ్చువేశారు. చూపొచ్చిన కొత్తలో, చేత్తో తడిమిన వస్తువు ఏదో వాళ్లు కంటితో పోల్చుకోలేకపోయారు. కొద్ది రోజులకే నేర్చుకున్నారు. లాక్ కాలం వాళ్లు ఈ ప్రశ్న లేవనెత్తకపోతే ఇలాంటి పరీక్ష ఒకటి చేయాలని సర్జన్లకు తోచేదా? సర్జన్లు లేకపోతే జవాబు ఎక్కడి నుంచి వచ్చేది?

మా గదిలో జరిగేదీ ఇలాంటిదే, చిన్న ఎత్తున. మైకు లేదు, శాలువా లేదు. మాట్లాడేవాళ్లు ఏదో ఒకటి బల్ల మీద పెట్టి చూపించాలి, అంతే. బెంచీలు ఐదో తరగతి పిల్లలవి కాబట్టి మోకాళ్లు గడ్డానికి తగులుతుంటాయి. ఒక ఆదివారం రిటైరైన సంస్కృతం లెక్చరర్ గారు తాడు-పాము సంగతి ఎత్తుకున్నారు. చీకట్లో తాడును పామనుకున్నాం, దీపం తెచ్చాం, పాము పోయింది. జ్ఞానం వస్తే భ్రమ పోతుందన్నారు. గ్రూప్స్ అబ్బాయి లేచి బోర్డు మీద ఒకే పొడవున్న రెండు గీతలు గీశాడు. ఒకదానికి రెండు చివర్లా బాణం ములుకులు, ఇంకోదానికి బయటికి విచ్చుకున్న చిన్న గీతలు. 1889లో ముల్లర్-లయర్ అనే జర్మన్ పండితుడు చూపించిన బొమ్మ అది. స్కేలు పెట్టి కొలిచాం, సమానమే. అయినా రెండోది పొడుగ్గానే కనిపిస్తోంది. ‘సార్, దీపం తెచ్చినం కదా, పాము పోలేదేంది?’ అన్నాడు.

సార్ ఆ పూట ఏమీ అనలేదు. తరువాతి వారం ఒక తెల్లటి గాజు పేపర్‌వెయిటూ, వాళ్లింటి మందార పువ్వూ తెచ్చి పక్కపక్కన పెట్టారు. గాజు ఎర్రబారింది. అద్వైతులు భ్రమను రెండు రకాలుగా విడదీశారని చెప్పారు. తాడు-పాము నిరుపాధికం, అసలు సంగతి తెలిస్తే పోతుంది. స్ఫటికం-మందారం సోపాధికం, స్ఫటికానికి రంగు లేదని తెలిసినా ఎరుపు పోదు, పువ్వును తీయాల్సిందే. ‘మరి గీతల్లో పువ్వేది సార్?’ అన్నాడు అబ్బాయి. అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడని టైలరమ్మ లేచి, రెండు కాగితం ముక్కలతో ఆ కొనలు మూసి చూపించింది. గీతలు సమానమైపోయాయి.

అక్కడితో ఆగలేదు. ఫిజిక్స్ చెప్పే ఆయన 1966లో అచ్చయిన ఒక పరిశోధన గురించి చెప్పారు. ఈ గీతలకు అమెరికా పట్నం జనం బాగా మోసపోయారట, ఆఫ్రికాలో కలహారీ ఎడారి వైపు సాన్ జనం చాలా తక్కువగా మోసపోయారట. పట్నం వాళ్లు మోసపోవడానికి నాలుగు పలకల గదుల్లో, మూలల మధ్య పెరగడమే కారణమని ఆ పరిశోధకులు ఊహించారు. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. ఏమైనా, తీయాల్సిన పువ్వు బొమ్మలోనే కాక చూసేవాడి అలవాటులో కూడా ఉండొచ్చన్నమాట. మీ పాఠకుడు కోరినట్టు చేసి ఉంటే మందారం మఠంలో, గీతలు ల్యాబ్‌లో ఉండిపోయేవి.

సాహిత్యం ఎందుకంటారా? కాజీపేట స్టేషన్‌లో పక్క లైను మీది బండి కదిలితే మన బండే కదిలిందనిపిస్తుంది. మాలో ఉన్న లోకో పైలట్ ఈ మాట ఎత్తగానే లెక్చరర్ గారు ఆర్యభటుడి శ్లోకం అందుకున్నారు. పడవలో ముందుకు పోయేవాడికి ఒడ్డున కదలనివి వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాయి, అట్లాగే తిరిగే భూమి మీదున్న మనకు కదలని నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు కనిపిస్తాయని. క్రీ.శ. 499 నాటి మాట ఇది. ఆయన చేతిలో టెలిస్కోపు లేదు, ఒక ఉపమానం ఉంది. 628లో ఇంకో గణిత పండితుడు బ్రహ్మగుప్తుడు భూమి తిరగడాన్ని ఒప్పుకోలేదు. ఆ ఆక్షేపణ కూడా శ్లోకంలోనే ఉంది.

పోతన గారి బమ్మెర మాకు దూరమేం కాదు. మొసలి నోట్లో కాలున్న గజేంద్రుడు ప్రార్థన మధ్యలో ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అంటాడు. అందరూ ఉన్నాడంటున్నారు, నాకైతే కనబడడం లేదు అని. కళ్లతో చూసిందానికీ, ఇతరులు చెప్పిందానికీ మధ్య తగాదా నాకు ఆ పద్యంలో అర్థమైనంతగా ఏ పాఠంలోనూ కాలేదు. బళ్లో దాన్ని మార్కుల కోసం మాత్రమే కంఠస్థం చేయించారు, పాపం.

నేను అడిగేవి చిన్నవే. ఆ కాలమ్‌లో ‘చర్చలు’ అని విడిగా ఒక శీర్షిక పెట్టండి. మావే కాదు, జనగామ, కరీంనగర్ వైపు నుంచి వచ్చేవి కూడా అందులో వేయొచ్చు. రెండోది, అడ్మిషన్ల సీజన్‌లో స్కూలు గది మాకు దొరకదు. 1904లోనే రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టుకున్న ఊరు ఇది. ఇక్కడి గ్రంథాలయాల్లో ఆదివారం ఖాళీగా ఉండే గది ఎక్కడైనా రెండు గంటలు ఇవ్వగలరేమో, మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. కుర్చీలు మేమే సర్దుకుంటాం.

వచ్చే పున్నమి సాయంత్రం భద్రకాళి బండ్ మీద కలుస్తున్నాం. చందమామ పొడిచేటప్పుడు అంత పెద్దగా ఎందుకు కనిపిస్తాడో, కాగితాన్ని గొట్టంలా చుట్టి అందులోంచి చూస్తే ఎందుకు చిన్నబోతాడో మాట్లాడుకుంటాం. ఆ పాఠకుణ్నీ రమ్మంటున్నాను. టైము, చోటు విడిగా రాసి ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆఫ్తాల్మిక్ ఆఫీసర్,
హనుమకొండ