ఆ ఆబ్జెక్ట్‌ను ఎవరు తయారుచేశారు?

సంపాదకులకు నమస్కారం.

మన గోదావరి డెల్టాలో ఇంజనీరింగ్ చదివిన పిల్లలకు ఉద్యోగాలు దొరకడం లేదన్న వార్త మీ జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తుంది. ఇంగ్లిషులో మాట్లాడలేకపోవడం, హైదరాబాద్, బెంగళూరు దూరం కావడం వంటివి కారణాలుగా రాస్తుంటారు. నా కంటపడిన మరో కారణం ఉంది: ప్రోగ్రాంలోని ఒక్కో వస్తువును ఎవరు తయారుచేసి ఎవరికి అందిస్తున్నారో పిల్లలకు తెలియకపోవడం. అది మరీ సాంకేతికమైనది కావడంతో పత్రికల దాకా రాదు. అందుకే ఈ ఉత్తరం.

నేను పదిహేడేళ్లుగా జావాలో ప్రోగ్రాములు రాస్తున్నాను. చాలాకాలం హైదరాబాద్‌లో ఉండి, ఇప్పుడు అమలాపురం దగ్గర మా ఊళ్లో ఇంటి నుంచే పనిచేసుకుంటున్నాను. దాళ్వా కోతలు మొదలయ్యే రోజుల్లో డెల్టాలోని ఒక కళాశాలవారు చివరి ఏడాది విద్యార్థుల ప్రాజెక్టులు చూడమని పిలిచారు. ఒక బృందం ధాన్యం కొనుగోలుకు టోకెన్లు ఇచ్చే ప్రోగ్రాం చేసింది. రైతు పేరు, బస్తాలు, తేమ శాతం నమోదు చేసి, తర్వాతి తెరలో మీట నొక్కితే చీటీ వస్తుంది. తేమ 17 శాతం దాటితే ఎర్ర అక్షరాలు. ఇళ్లలో కళ్లం చూసి పెరిగిన పిల్లలు, ఎక్కడ ఏమి అడగాలో వాళ్లకు తెలుసు. ముచ్చటేసింది.

రెండు ఫోన్లతో చూద్దామన్నాను. ఒకదానిలో అరవై బస్తాలు నమోదు చేశాం, రెండోదానిలో ఇరవై రెండు. తర్వాత రెండింటిలోనూ చీటీ మీట నొక్కాం. రెండు చీటీల మీదా ఇరవై రెండే!

కోడ్ తెరిపిస్తే సర్వీస్ క్లాసులో (క్లాసు అంటే నమూనా, దాని ప్రకారం తయారయ్యే వస్తువు ఆబ్జెక్ట్) 'ప్రస్తుత రైతు' అని ఒక ఫీల్డు, అంటే వివరాలు దాచే అర, ఉంది. వచ్చిన వివరాలు అందులో దాచి, చీటీ రాసేటప్పుడు అక్కడి నుంచి తీసుకుంటున్నారు. "ఈ క్లాసుకు ఆబ్జెక్టులు ఎన్ని ఉంటాయి?" అని అడిగాను. "రైతుకు ఒకటి సార్" అన్నాడు బృందం నాయకుడు. "వాటిని తయారుచేసేది ఎవరు?" కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒక అమ్మాయి, "ఆటోవైర్డ్ అని రాస్తే వచ్చేస్తుంది సార్" అంది. ఈ వస్తువు నాకు కావాలని కోడ్‌లో పెట్టే గుర్తు అది.

నీళ్లు వాటంతట అవే వచ్చేస్తాయని మన శివారు భూముల రైతు ఎన్నడైనా అంటాడా? ధవళేశ్వరంలో ఎంత వదిలారు, మన లాకు దగ్గర మట్టం ఎంత, వంతు ఏ రోజు అని వేళ్ల మీద లెక్క చెబుతాడు. అతని పిల్లలేమో నాలుగేళ్లు చదివాక 'వచ్చేస్తుంది' అంటున్నారు. జావా ప్రోగ్రాములకు పునాదిగా వాడే స్ప్రింగ్‌లో ఆబ్జెక్టులు తయారుచేసి అందించే భాగాన్ని కంటైనర్ అంటారు. మనం ప్రత్యేకంగా వేరేలా చెప్పకపోతే అది అలాంటి సర్వీసును ఒక్కదాన్నే తయారుచేసి, అడిగిన ప్రతివారికీ దాన్నే ఇస్తుంది. ఊరందరికీ ఒకే పలక. ఒకరు రాసినదాన్ని తర్వాతివారు చెరిపేస్తారు.

కంప్యూటర్ చదువుతో పనిలేని పాఠకులకు పెళ్లి వంటతో చెబుతాను. వంట మేస్త్రిని కుదుర్చుకోగానే ఆయన చేసే మొదటి పని సరుకుల చీటీ రాయించడం. కందిపప్పు ఇంత, నూనె డబ్బాలు ఇన్ని, కొబ్బరికాయలు ఇన్ని. తెచ్చిపెట్టడం పెళ్లివారి పని, వండటం ఆయన పని. కొబ్బరికాయలు అంబాజీపేటవా, అరటికాయలు రావులపాలెంవా అన్నది ఆయనకు అక్కర్లేదు, చీటీలో రాయించిన రకం వస్తే చాలు. ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే కన్‌స్ట్రక్టర్ క్లాసుకు ఆ చీటీ లాంటిది. తనకు కావలసిన వస్తువులను క్లాసు తానే తయారుచేసుకోకుండా బయటివారు అందించేలా రాయడమే డిపెండెన్సీ ఇంజెక్షన్. ఇంత మామూలు సంగతికి అంత బరువైన పేరు ఎందుకు పెట్టారో గాని, సాఫ్ట్‌వేర్ రచయిత మార్టిన్ ఫౌలర్ 2004లో రాసిన వ్యాసంతో ఆ పేరే స్థిరపడింది. పద్ధతి మాత్రం అంతకుముందు నుంచే ఉంది.

ఇక కంటైనర్ అంటే, అందరి చీటీలూ చదివి ఎవరి సరుకు వారికి చేర్చే పెద్దమనిషి. వెయ్యి విస్తళ్లు లేచే పెళ్లిలో ఆయన లేకపోతే గందరగోళమే. పదిమంది భోజనానికి ఆయనతో పనిలేదు. స్ప్రింగ్, గూగుల్‌వారి జ్యూస్, మైక్రోసాఫ్ట్‌వారి డాట్‌నెట్‌తో పాటే వచ్చే కంటైనర్, అన్నీ ఈ పనే చేస్తాయి. నేను కంటైనర్లకు వ్యతిరేకిని కాను, రోజూ దానితోనే పని. నా అభ్యంతరం, పిల్లలకు చీటీ రాయడం నేర్పకుండానే ఆ పెద్దమనిషిని చేతికివ్వడం మీద.

ఆ ప్రాజెక్టులోనే ఒక క్లాసులో ఆటోవైర్డ్ ఫీల్డులు లెక్కపెట్టాను, పదకొండు. ఫీల్డుల మీద అలా రాస్తే చీటీ అంటూ ఎక్కడా కనబడదు, సరుకు గాడిపొయ్యి దగ్గర దానంతటదే ప్రత్యక్షమవుతుంది. అదే కన్‌స్ట్రక్టర్‌లో పదకొండు పేర్లు వరుసగా రాయాల్సి వస్తే రాసేవాడికే సిగ్గేస్తుంది. చీటీ మూరెడు పొడవైతే ఒకే మేస్త్రి మీద మూడు పెళ్లిళ్ల వంట పెట్టామని అర్థం. ఇంకో చోట రెండు సర్వీసులు ఒకదానికొకటి కావాలని కూర్చున్నాయి. స్ప్రింగ్‌ను తేలిగ్గా మొదలుపెట్టించే స్ప్రింగ్ బూట్‌లో, 2021లో వచ్చిన 2.6 నుంచి ఇలాంటి చక్రాన్ని అది మొదట్లోనే ఒప్పుకోదు, ప్రోగ్రాం మొదలుకాదు. పిల్లలు ఆ హెచ్చరిక ఎందుకొచ్చిందో ఆలోచించలేదు. దాన్ని అణచే ఒక వాక్యాన్ని ఎక్కడి నుంచో తెచ్చి సెట్టింగుల ఫైలులో అతికించారు.

ఇందులో పిల్లల తప్పు తక్కువ. నేను చూసినంతలో రెండో ఏడాది జావా పాఠం జంతువు, కుక్క, పిల్లి దగ్గర ఆగిపోతుంది. కుక్క జంతువు నుంచి వారసత్వం పొందిందని రాస్తే మార్కులు వస్తాయి. తర్వాత మూడో ఏడాదిలో వారం రోజుల వర్క్‌షాపు, నేరుగా స్ప్రింగ్ బూట్. మధ్యలో మెట్టు లేదు.

నేను కోరేది ఒక్క ల్యాబ్ ప్రయోగం. పది, పన్నెండు క్లాసులున్న ప్రోగ్రాంను కంటైనర్ లేకుండా రాయించండి. ప్రోగ్రాం మొదలయ్యే చోటైన మెయిన్‌లో ఆబ్జెక్టులన్నిటినీ 'న్యూ' అని రాసి తయారుచేసి, ఏది ముందో ఏది వెనకో చూసుకుంటూ ఒకదానికొకటి చేతితో అందించాలి. తర్వాతి వారం అదే ప్రోగ్రాంను కంటైనర్‌లోకి మార్పించండి. అది తమ చేతిలోంచి ఏ పని తీసుకుందో అప్పుడు తెలుస్తుంది. మూడో వారం, నిజంగా ఎస్ఎంఎస్ పంపే క్లాసు స్థానంలో ఉత్తుత్తి క్లాసు ఒకటి పెట్టి చీటీ లెక్కను పరీక్షించమనండి. ఇది ఎందుకు ముఖ్యమో నాకు ఉద్యోగం మొదటి ఏడాదిలోనే తెలిసింది. సందేశాలు పంపే వస్తువును క్లాసు లోపలే తయారుచేసేలా రాశాను. అర్ధరాత్రి పరీక్ష నడిపితే 'ఇది టెస్ట్' అన్న సందేశం నిజమైన ఖాతాదారుల ఫోన్లకు వెళ్లింది. మర్నాడు నాకు దక్కిన మాటలు ఇక్కడ రాయలేను.

ఆ రోజు భోజనాల దగ్గర ఒక అధ్యాపకుడు, "కంపెనీలు స్ప్రింగ్ వచ్చా అని అడుగుతాయి గాని చేతితో అమర్చడం వచ్చా అని అడగవు కదండీ" అన్నారు. ఇంటర్వ్యూలు చేసేవాడిగా చెబుతున్నాను, నా మొదటి ప్రశ్న ఎప్పుడూ అదే: ఈ ఆబ్జెక్ట్ ఎక్కడ పుట్టింది, ఎంతసేపు ఉంటుంది, ఎందరు దాన్ని పంచుకుంటున్నారు? ఎక్కువమంది అక్కడే ఆగిపోతున్నారు. స్ప్రింగ్ తెలిసి ఇది తెలియనివారికి వేరే సంస్థలో డాట్‌నెట్ ఇస్తే మళ్లీ మొదటికే వస్తారు. ఇది తెలిసినవారు రెండు వారాల్లో కుదురుకుంటారు.

దీనికి కొత్త కంప్యూటర్లు అక్కర్లేదు, ఎవరికీ ఫీజు కట్టనక్కర్లేదు. స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలల్లో ఈ మార్పు పాఠ్యాంశాలు నిర్ణయించే వారి బోర్డ్ ఆఫ్ స్టడీస్ చేతిలోనే ఉంది. అనుబంధ కళాశాలల విషయంలో కాకినాడ జేఎన్టీయూ తలచుకోవాలి. అంతవరకు ప్రాజెక్టు వైవాకు వచ్చే పరీక్షకులైనా తెరమీద రంగులు చూసి సరిపెట్టుకోకుండా రెండు ఫోన్లు తెప్పించుకోవాలి.

వారం తర్వాత ఆ బృందం నాయకుడు ఫోను చేశాడు. 'ప్రస్తుత రైతు' ఫీల్డు తీసేసి, వివరాలను ఒక మెథడ్ (ఒక్కో పని చేసే కోడ్ ముక్క) నుంచి మరొక మెథడ్‌కు అందిస్తున్నారట, చీటీలు సరిగ్గా వస్తున్నాయట. నా మాట మీద మెయిన్‌లో అన్నీ చేతితో అమర్చి చూశారట కూడా. ఆ పదకొండింటిలో మూడు అసలు ఎవరికీ అక్కర్లేదని అప్పుడు బయటపడిందట. కొత్త విద్యా సంవత్సరపు ల్యాబ్ మాన్యువళ్లు ఇంకా అచ్చుకు వెళ్లి ఉండవు. ఆ పని చూసేవారు మీ పాఠకుల్లో ఉంటే ఆ ఒక్క ప్రయోగానికి రెండు పేజీలు కేటాయించమని మనవి.

ఇట్లు,
ఒక ప్రోగ్రామర్,
అమలాపురం మండలం, కోనసీమ జిల్లా