శీనుకు ఉత్తరం: వైన్ సీసాలూ మన రోహిణీ కార్తే

ఒంగోలు

ఒరే శీనూ,

నీ ఉత్తరం చూశా. నెల్లూరు మాగుంట లేఅవుట్ మేడ మీదికి ఎనిమిది మందిని పిలిచి వైన్ టేస్టింగ్ పెడుతున్నావన్నమాట. బాగుంది. "ఐదు సీసాలు తెస్తా, చేపల పులుసు చేయిస్తా, ఇంకేం కావాలి" అన్నావే, ఐసు కావాలి నాయనా! అదీ మామూలుగా కాదు, రెండు బకెట్ల నిండా.

రెడ్ వైన్‌ను గది వేడిలోనే తాగాలన్న మాట చలిదేశాల ఇళ్ళలో పుట్టింది. అక్కడ గదంటే 16 నుంచి 18 డిగ్రీలు. రోహిణీ కార్తెలో మన గది 35 ఉంటుంది. ఆ వేడికి ఆల్కహాల్ ఘాటు ముందు ముక్కుకు కొట్టి పండు వాసనను మింగేస్తుంది. ఎంత మంచి సీసా అయినా కాచిన కషాయంలా తోస్తుంది. అలాగని మరీ చల్లబెట్టినా తప్పే: వాసన ముడుచుకుపోయి రెడ్‌లో వగరు పైకొస్తుంది. బుడగల వైన్‌కు 6 నుంచి 8, వైట్‌కు 8 నుంచి 12, రెడ్‌కు 15 నుంచి 18 డిగ్రీలు. అన్నీ పొద్దున్నే ఫ్రిజ్‌లో పెట్టేయ్. రెడ్‌ను ముప్పావుగంట, గంట ముందు బయటికి తీస్తే చాలు. కరెంటు పోయిందా, బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్ళు, గుప్పెడు కల్లుప్పు వేసి సీసాను మెడదాకా ముంచు. రెడ్‌కు పావుగంట, వైట్‌కు అరగంట. ఉత్త ఐసు ముక్కల్లో గుచ్చితే లాభం లేదు. ముక్కల మధ్యంతా గాలే కదా, నీళ్ళుంటేనే చల్లదనం సీసా చుట్టూ అంటుకుంటుంది. గ్లాసులో పోశాక పది నిమిషాల్లోనే వేడెక్కుతుంది కాబట్టి అనుకున్నదానికంటే రెండు డిగ్రీలు తక్కువలోనే పొయ్యి.

కొనేటప్పుడూ ఎండనే అనుమానించు. అద్దాల షోకేసులో నిలబెట్టి, ఎండ తగిలేచోట ఉన్న సీసా ముట్టుకోకు. బిరడా మూతి పైకి ఉబ్బినా, మెడ దగ్గర జిగటగా కారిన మరక కనిపించినా, లోపల వైన్ మట్టం మెడ దిగి భుజాల దాకా వచ్చినా అది లారీలో ఉడికిన సరుకు. మన దేశపు వైట్లలో చాలావాటికి స్క్రూ మూతే, వాటికి ఈ గుర్తులు కనబడవు. అక్కడ లేబుల్ మీది సంవత్సరమే, అంటే ద్రాక్ష కోసిన సంవత్సరమే, దిక్కు. నాసిక్ వైపు ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి దాకా సాగుతుంది. మామూలు వైట్ అయితే ఆ సంవత్సరం నుంచి రెండేళ్ళు దాటినది వదిలేయ్. చెన్నై నుంచి కారు డిక్కీలో వేసుకొచ్చే ఆలోచన ఉంటే సరిహద్దులోని తడ దాటకముందే ఎక్సైజ్ నిబంధనలు కనుక్కో. డిక్కీలో ఎండకు వైన్ ఎటూ చస్తుంది, అది వేరే సంగతి.

ఐదు సీసాలూ ఐదు రకాలు తేవద్దు. ఒకదాన్ని పక్కనున్న దానితో పోల్చినప్పుడే నాలుకకు తేడా తెలుస్తుంది. రెండు సావిన్యో బ్లాంక్‌లు (ఓ తెల్ల ద్రాక్ష రకంతో చేసిన వైట్), ఒకటి నాసిక్‌ది, ఒకటి కర్ణాటకది. రెండు రెడ్‌లు, ఒకటి ఓక్ చెక్క పీపాలో పెట్టనిది, ఒకటి పెట్టినది. పెట్టినదానికి గ్రోవర్ కంపెనీ వాళ్ళ లా రిజర్వ్ దొరికితే అదే. చివరికి ఆలస్యంగా కోసిన చెనిన్ బ్లాంక్ (ఇదీ తెల్ల ద్రాక్షే), తీపిది. పొయ్యాల్సిన వరస కూడా ఇదే. తీపిది ముందు పోశావంటే తర్వాతవన్నీ పుల్ల నీళ్ళే.

మనిషికి ఒక్కోదానిలో 40 మిల్లీలీటర్లు చాలు. ఎనిమిది మందికి 320, సీసాలో ఇంకా 430 మిగులుతుంది. ఐదూ కలిపి మనిషికి 200, అంటే పావు సీసా కన్నా కాస్త ఎక్కువ. ఉమ్మకుండా మింగితే నాలుగోదానికి నాలుక మొద్దుబారుతుంది. మనిషికో స్టీలు చెంబు పెట్టు. సిగ్గు పడేవాళ్ళుంటారు, నువ్వు ముందు ఉమ్ము, అందరూ అలవాటు పడతారు. బండి నడిపేవాడు ఉమ్మినా తాగినట్టే లెక్క, వాడికి ఆటో మాట్లాడు.

గ్లాసులు కాడ ఉన్నవి, పైకి పోయేకొద్దీ మూతి ముడిచినవి తీసుకో. సబ్బు వాసన, బీరువాలో కలరా ఉండల వాసన పట్టిన గ్లాసులో ఏ వైన్ అయినా ఒకటే. వేణ్ణీళ్ళతో కడిగి బోర్లించి ఆరబెట్టు. అగరుబత్తీ వెలిగించొద్దు, మల్లెపూలు ఆ గదిలో వద్దు, అత్తరు పూసుకొచ్చిన వాణ్ణి వసారాలో కూర్చోబెట్టు. గంట ముందు పళ్ళు తోముకున్నా, కిళ్ళీ నమిలినా రుచి తిరగబడుతుంది.

రుచి చూసేది ఇలా. తెల్ల గుడ్డ మీద గ్లాసు వంచి రంగు చూడండి. పాత వైట్ గోధుమరంగుకు తిరుగుతుంది, పాత రెడ్ అంచు ఇటుకరంగుకు. తిప్పకముందు ఒకసారి, బల్ల మీదే పెట్టి తిప్పాక ఇంకోసారి వాసన చూడండి. చెంచాడు నోట్లోకి తీసుకుని, పెదవుల మధ్య నుంచి కొంచెం గాలి పీల్చి, నాలుక కిందికీ చిగుళ్ళకూ తిప్పండి. గాలి పీల్చితే వాసన గొంతు వెనక నుంచి ముక్కుకు ఎక్కుతుంది, రుచి అనేది సగం అదే. ఉమ్మాక ఎన్ని సెకన్లు నిలిచిందో లెక్కబెట్టండి.

ఎవరూ నోరు విప్పకుండా ముందు కాగితం మీద రాయాలి. ఒకడు "జామపండు" అన్నాడా, గదిలో అందరికీ జామపండే. చెన్నై హోటల్లో నువ్వు పోబోయే టేస్టింగ్‌లో కూడా ఇదే పాటించు. పోసేవాణ్ణి ధర అడగకు; ఏ సంవత్సరం, ఏ ద్రాక్ష, ఓక్‌లో ఎన్ని నెలలు అని అడుగు. మాట కలుస్తుంది, రెండో గ్లాసూ కాస్త ఉదారంగా వస్తుంది.

వెధవ సీసా ఒక్కటైనా తగులుతుంది. వానకు తడిసి మూలన పడున్న అట్టపెట్టె వాసన వేస్తే కార్క్ చెడినట్టు. గ్లాసు తిప్పేకొద్దీ పెరుగుతుంది, బాగుపడదు. కుళ్ళిన గుడ్డు, కాల్చిన అగ్గిపుల్ల వాసన అయితే తిప్పితే పోవచ్చు. పోకపోతే తోమిన రాగి చెంచాతో రెండు తిప్పులు తిప్పి చూడు. గోళ్ళరంగు వాసన, వెనిగర్ వాసన అయితే పారబొయ్యి.

మీ బావ "ఇవన్నీ ఒకటేరా" అంటాడు కదా, ఆయనకోసం ఒక ఆట. సావిన్యో రెండింటినీ మూడు గ్లాసుల్లో పొయ్యి, రెండిట్లో ఒకటే వైన్, మూడోదానిలో వేరేది. ఏది వేరో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడో వంతు మందికి తగులుతుంది, కాబట్టి ఎనిమిది మందిలో ముగ్గురు చెబితే లెక్కలోకి రాదు. ఆరుగురు చెబితే నమ్మొచ్చు.

టేస్టింగ్ మధ్యలో ఉప్పు వెయ్యని మరమరాలు, నీళ్ళు. పులుసు తర్వాతే. కారానికి ఆల్కహాల్, వగరు రెండూ పడవు, మంట పెంచుతాయి. చింతపండు, మామిడికాయ ముక్కల పులుపు ముందు పులుపు తక్కువ వైన్ చప్పబడుతుంది. రెడ్‌లోని ఇనుము చేప నూనెతో కలిస్తే నోట్లో నీచు నిలిచిపోతుంది. అందుకని పులుసుకు ఆరో సీసా విడిగా తీసుకో: కొంచెం తీపి తగిలే చెనిన్ బ్లాంక్, ఆల్కహాల్ 12 శాతం లోపు, బాగా చల్లగా. రెడ్‌కు మిరియాలేసిన మటన్ వేపుడు పెట్టు, కొవ్వు వగరును తగ్గిస్తుంది. మలైకాజా తెప్పిస్తే ఆ తీపి చెనిన్‌తోనే. స్వీటు కంటే వైన్ తీపి ఎక్కువ ఉంటేనే నిలబడుతుంది, కాజా పాకం ముందు అదీ కాస్త తడబడొచ్చు.

మిగిలినది పెద్ద సీసాలో వదలకు. 375 మిల్లీలీటర్ల చిన్న సీసాలు కడిగి పెట్టుకుని, మెడదాకా నింపి మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టు. గాలి తగలకుంటే నాలుగు రోజులు ఉంటుంది, రెడ్ అయినా సరే ఫ్రిజ్‌లోనే.

కొన్న సీసాల పేర్లు, సంవత్సరాలు రాసి పంపు. వరస నేను చూసి పెడతా.

నీ
రమణ