శనివారం ఆ లాప్‌టాప్ ఇచ్చేముందు

గూడూరు,
9 నవంబర్ 2025

అమ్ములూ,

బుధవారం రాత్రి నువ్వు ఫోను పెట్టేశాక మీ అమ్మ "ఏమిటట?" అని అడిగింది. "ఏమీ లేదు, హాస్టల్లో పప్పు నీళ్లలా ఉంటోందట" అన్నాను. నిజం చెబితే "ఆ కంప్యూటర్ రిపేరు కొట్టు మానేసి బుద్ధిగా చదువుకోమనండి" అంటుందని తెలుసు. అలా ఆమె దగ్గర తప్పించుకున్నాను గానీ నీకు జవాబు చెప్పలేకపోయాను. "ఏం చేయమంటావు నాన్నా?" అని రెండుసార్లు అడిగావు. రెండుసార్లూ "చూద్దాం" అన్నాను. నోట రానిది కాగితం మీదైనా వస్తుందేమోనని ఇలా కూర్చున్నాను. రేపు స్పీడ్ పోస్టులో వేస్తాను. శనివారం ఆ లాప్‌టాప్ ఆయన వచ్చేలోపు నీ చేతికి అందాలి.

నాకు అర్థమైనంత వరకు జరిగింది ఇది. కీబోర్డు మార్చడానికి లాప్‌టాప్ విప్పావు. టచ్‌ప్యాడ్ రిబ్బన్ కేబుల్‌ను పట్టి ఉంచే లాకు, గోరంత నల్ల ప్లాస్టిక్ ముక్క, రెప్పలా పైకి ఎత్తాల్సింది. నువ్వు సొరుగులా బయటికి లాగావు. విరిగింది. కొత్త కీబోర్డు చక్కగా పని చేస్తోంది, టచ్‌ప్యాడ్ మాత్రం కదలడం లేదు. మీ ఓనరు చూసి, "పాత సరుకే కదా, వచ్చినప్పుడే పని చేయడం లేదని చెప్పెయ్" అన్నాడు. మిషను తీసుకునేటప్పుడు రాసే జాబ్ కార్డులో టచ్‌ప్యాడ్ సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి కాదనడానికి కస్టమరు దగ్గర ఆధారమూ లేదు.

లాకు విరిగినందుకు నాకేమీ బాధ లేదు. రెప్పలా లేచేవి, సొరుగులా జరిగేవి, రెండు రకాలూ ఉంటాయి. చీకటి బల్ల మీద తేడా పట్టుకోవడం కష్టం. ఈ పనిలో ఉన్నవాళ్లను అడిగి చూడు, ఒక్కటైనా విరవనివాడు దొరకడు. నన్ను ఇన్ని రోజులుగా నిద్రపోనివ్వనిది ఆ "చెప్పెయ్" అన్న మాట.

నేనూ చెన్నైలో ఆ కంప్యూటర్ కొట్ల వీధిలోనే, రిచీ స్ట్రీట్‌లోనే పని చేశానని నీకు తెలుసు. పండగలకు చుట్టాలొస్తే ఆ కబుర్లు చెబుతూనే ఉంటాను. చెప్పనిది ఒకటుంది. మీ అమ్మకు కూడా తెలియదు.

1998లో డిగ్రీ రెండో ఏడాదిలో చేరాను అక్కడ. ట్రిప్లికేన్‌లో మాన్షన్ అనే లాడ్జిలో ఒక గదికి నలుగురం. కాలేజీ అయ్యాక నడుచుకుంటూ మౌంట్ రోడ్డు దాటి, నరసింగపురం వీధి మలుపులో ఉన్న కొట్టుకు వెళ్లేవాణ్ణి. సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా పని, నెలకు 900 రూపాయలు. మొదటి మూడు నెలలు దుమ్ము దులపడం, ర్యామ్ అనే మెమరీ ముక్క కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్దడం, టీ తేవడం. రబ్బరుతో రుద్దగానే చచ్చిన మిషను లేచి కూర్చుంటే, పక్కన నిలబడ్డ కస్టమరు నన్ను డాక్టరులా చూసేవాడు. ఆ చూపు కోసమే వెళ్లేవాణ్ణేమో అనిపిస్తుంది ఇప్పుడు.

1999 ఏప్రిల్ 26, సోమవారం. తైవాన్‌లో ఒక విద్యార్థి రాసిన సీఐహెచ్ వైరస్ ఆ రోజు లేచింది. చెర్నోబిల్ ప్రమాదం జరిగిన తేదీ కూడా అదే కావడంతో చెర్నోబిల్ వైరస్ అన్నారు. హార్డ్ డిస్కులో మొదటి భాగాన్ని చెరిపేసేది, వీలైన బోర్డుల్లో కంప్యూటర్‌ను లేపే ప్రోగ్రాం, బయాస్, అది కూడా చెరిపేసేది. మర్నాటి నుంచి మా వీధిలో కాలు పెట్టే చోటు లేదు. మానిటర్లు ఒళ్లో పెట్టుకుని ఆటోల్లో దిగేవారు. మా సీనియర్ ఒక విద్య చేసేవాడు. అదే రకం మంచి బోర్డును ఆన్ చేసి, అది నడుస్తుండగానే బయాస్ చిప్‌ను ఊడబెరికి, అదే గుంటలో చచ్చిన చిప్ పెట్టి, దాంట్లోకి బయాస్ తిరిగి రాసేవాడు. కరెంటు పారుతున్న బోర్డు మీద ఆయన రెండు వేళ్లు, పక్కన ఊపిరి బిగబట్టి టార్చి పట్టుకుని నేను. నువ్వు అది చూసి ఉండాల్సింది.

ఆ భయంతోనే మే నెలలో ఒక పెద్దాయన వచ్చాడు. మాంబళంలో ఉండే తెలుగువాడు, రిటైరైన మాస్టారు. పాత 2.1 గిగాబైట్ల డిస్కులో ఉన్నదంతా కొత్త 4.3 డిస్కులోకి మార్చి ఇమ్మన్నాడు. అందులో వాళ్లమ్మ పాడిన పెళ్లి పాటలు, మంగళహారతులు, అప్పగింతల పాటలు ఉన్నాయట. ఆమె పాడుతుంటే ముందు కాగితం మీద రాసుకుని, రెండేళ్లుగా కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. కాగితాలు చెదలు పట్టాయని పారేశాడు. ఆనాటి తెలుగు ఫాంట్లు యూనికోడ్ కావు. ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు కనిపించేవి. అందుకని ఫాంటున్న ఫ్లాపీ విడిగా కవరులో పెట్టి తెచ్చి, "బాబూ, ఇది కూడా జాగ్రత్త" అన్నాడు.

కొత్త డిస్కును మాస్టర్‌గా, అంటే ఒకటోదిగా, పాతదాన్ని స్లేవ్‌గా, అంటే రెండోదిగా పెట్టి, డిస్కును డిస్కుకు కాపీ చేసే నార్టన్ ఘోస్ట్ నడిపాను. దేని నుంచి దేనికి అని అడుగుతుంది. అలవాటుగా ఒకటి నుంచి రెండుకు అన్నాను. రెండో డిస్కులో ఉన్నదంతా పోతుంది, సరేనా అని కూడా అడిగింది. సరే అన్నాను. గిగాబైటు పైచిలుకు కాపీ అవడానికి ఆ రోజుల్లో పావుగంటైనా పట్టాలి. నిమిషం తిరక్కుండానే అయిపోయిందంది. అప్పుడు తెలిసింది తల్లీ, అరికాళ్లలోంచి చల్లగా పైకి పాకింది. ఖాళీ డిస్కును నిండు డిస్కు మీదికి కాపీ చేశాను.

ఆయన ఎదురుగా స్టూలు మీదే కూర్చుని ఉన్నాడు. "వైరస్ తినేసింది సార్" అన్నాను.

"పొద్దున కూడా తెరిచాను కదా బాబూ" అన్నాడు.

"ఈరోజు 26 సార్. ప్రతి నెలా 26న లేచే రకం కూడా ఒకటుంది."

అటువంటి రకం నిజంగానే ఉంది, ఆ రోజు నిజంగానే మే 26. అబద్ధానికి అంత నిఖార్సయిన సాక్ష్యాలు దొరకడం నా దురదృష్టం. ఆయన కాసేపు స్క్రీను వైపు చూశాడు. "అమ్మ ఉన్నా బాగుండేది, మళ్లీ పాడించుకునేవాణ్ణి" అన్నాడు. బిల్లు కట్టాడు. పాత డిస్కు చేతిలో పెడితే, "దీన్ని తీసుకెళ్లి ఏం చేసుకోను" అని బల్ల మీదే వదిలి వెళ్లాడు.

ఇంతవరకే అయితే కుర్రతనపు పొరపాటు అనుకుని మరిచిపోయేవాణ్ణేమో. ఐదారేళ్ల తర్వాత ఒక రాత్రి ఏదో డేటా రికవరీ గురించి చదువుతుంటే తట్టింది. ఘోస్ట్ మామూలుగా వాడుకలో ఉన్న భాగాన్నే కాపీ చేస్తుంది. ఖాళీ డిస్కులో కాపీ చేయడానికి ఏముంది? అందుకే కదా నిమిషంలో అయిపోయింది! విషయసూచిక పేజీలు చిరిగాయి గానీ పుస్తకం చాలావరకు డిస్కు లోపలి పళ్లేల మీదే ఉంది. ఆ సాయంత్రం "నా చేత పొరపాటు జరిగింది" అని ఉంటే, ఆ చిప్పులు పీకే సీనియర్ రాత్రంతా కూర్చునైనా పాటలు తీసి ఉండేవాడు. వైరస్ తినేసిందన్నాక ఇంకెవరు వెతుకుతారు?

నీ రోజుల్లో అంత వెసులుబాటు కూడా లేదు. ఇప్పటి లాప్‌టాప్‌లలో ఉండే ఎస్‌ఎస్‌డీ డిస్కులో ఫైలు చెరిపేస్తే ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల కాసేపటికి ఆ చోటు నిజంగానే ఖాళీ అయిపోతుంది, తవ్వినా దొరకదు.

ఇక శనివారం సంగతి. ముందు ఓనరుతో మాట్లాడు, కస్టమరు ఎదురుగా కాదు, శుక్రవారమే. ఆయన చెడ్డవాడని నేను అనుకోవడం లేదు. ఆ వీధి అద్దెలు కట్టేవాడికి ప్రతి కనెక్టరూ నష్టంగానే కనిపిస్తుంది. "ఖర్చు నేను పెట్టుకుంటాను, బోర్డు మీది చిన్న ముక్కలు మార్చే చిప్ లెవెల్ వాళ్లతో కనెక్టరు మార్పిద్దాం" అను. నీ ఖాతాలో 1,500 వేశాను, చాలకపోతే అడుగు. శనివారం కస్టమరు వచ్చాక ముందు కీబోర్డు చూపించి మెప్పు పొందాలని చూడకు. టచ్‌ప్యాడ్ సంగతే ముందు చెప్పు. "విప్పేటప్పుడు నా చేతిలో లాకు విరిగింది. మేమే బాగు చేసి ఇస్తాం, రెండు రోజులు పడుతుంది, అందాకా ఈ మౌసు వాడుకోండి." ఇంతే. ఆయన అరవవచ్చు. నీ పక్కనున్న అబ్బాయిని చూపించి "ఆడపిల్ల చేతికి ఎందుకిచ్చారు, ఆయన చేత చేయించండి" అని కూడా అనవచ్చు. అంటే అననీ. ఓనరు పని మానేయమంటే మానేసి వచ్చేయ్, మెట్రోలో గవర్నమెంట్ ఎస్టేట్ నుంచి మీ హాస్టలున్న తేనాంపేట నాలుగే స్టేషన్లు.

ఆ పక్క సీటు అబ్బాయి కస్టమర్ల ఫోటోలు తెరిచి నవ్వుతుంటాడని కూడా అన్నావు. ఆ పూట లేచి వెళ్లి టీ తాగు, లేదా గట్టిగా వద్దను, కలిసి మాత్రం చూడకు. అనుమతి లేకుండా కాపీ చేస్తే 2000 నాటి ఐటీ చట్టం కింద మూడేళ్ల వరకు జైలు ఉంది. హాంగ్‌కాంగ్‌లో ఒక నటుడు రిపేరుకిచ్చిన కంప్యూటర్‌లోని ఫోటోలు తీసుకున్న టెక్నీషియన్‌కు 2009లో ఎనిమిదిన్నరేళ్లు పడింది.

ఇకముందు మిషను తీసుకునేటప్పుడే కస్టమరు ఎదురుగా కీబోర్డు, టచ్‌ప్యాడ్, కెమెరా, స్పీకర్లు చూసి కార్డులో రాయి. వానలు మొదలయ్యాయి కాబట్టి తడిసినవి వస్తాయి. ఎవరు తొందరపెట్టినా ఆన్ చేయకు, ముందు బ్యాటరీ తీసెయ్. మీ అమ్మ నిమ్మకాయ ఊరగాయ పంపిస్తానంటోంది, సీసా పగలకుండా ఎలా పంపాలో తేలక ఆగింది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు పాతకాలపు ఐడీఈ డిస్కును యూఎస్‌బీకి కలిపే అడాప్టర్ ఒకటి పట్టుకురా, మీ వీధిలో దొరుకుతుంది. 12 వోల్టుల కరెంటు ఇచ్చేది కావాలి, మామూలుది చాలదు. ఆ డిస్కు నా ట్రంకు పెట్టె అడుగున ఇన్నేళ్లూ ఉంది, ఇవాళే తీసి తుడిచాను. మోటారు తిరుగుతుందో లేదో తెలియదు. మాస్టరా స్లేవా అని చెప్పే చిన్న బిళ్ల, జంపరు, ఇంకా స్లేవ్ మీదే ఉంది. మాస్టర్‌కు మార్చాలనుకుంటా, నేను ముట్టుకోలేదు, నువ్వే మార్చు.

నాన్న